వచ్చేటప్పుడే ఊగే బండి

జూన్ 8, శనివారం

ఈ నోటుపుస్తకం వర్క్‌షాపులో బండ్లు బాగుచేసే మామసాలి మేస్త్రీ కొనిపించాడు. "నోటికొచ్చినట్టు చెప్తే నాకు లాభం లేదు చెల్లెమ్మా. బండి ఎక్కడ ఊగింది, ఎంత స్పీడులో ఊగింది, గాలుందా, వానుందా, లోపల బరువేముంది, అన్నీ ఎప్పటికప్పుడు రాసి పెట్టు. నాలుగు వారాలు పోతే బండే తన రోగం చెప్పుకుంటుంది" అన్నాడు. సరే అన్నాను. ఆయనకి కావలసిన నాలుగు ముక్కలు చదివి వినిపిస్తాను గాని పుస్తకం మాత్రం చేతికివ్వను. నా వాలకం చూస్తే ఇందులో ఇంకా చాలా రాసేలా ఉన్నాను.

మొన్న గురువారం, కొండమీద గుర్రాలు మేపుకునే అత్తయ్య గుడారం నుంచి దిగి వస్తున్నాం, నేనూ బావగారూ. (మా ఆయన మెదెర్‌కి అన్నగారు. పెళ్ళయి పందొమ్మిదేళ్ళయినా ఆయన పేరు నోటితో అనలేదు, రాద్దామన్నా చెయ్యి రాదు.) ఆయన నా ఎడమ పక్కన కూర్చున్నారు. మాది జపాన్ వాన్, స్టీరింగ్ కుడివైపు. నడిపేది కూడా రోడ్డుకి కుడివైపే కాబట్టి ఎదురొచ్చే బళ్ళన్నీ పక్కసీటు వాళ్ళ చెవి రాసుకుంటూ పోతాయి. సూసామిర్ బయలు మధ్యలో అలలరోడ్డు ఎక్కాం. చలికాలం నేల ఉబ్బి, తారు అలలు అలలుగా లేచి ఉంటుందే, ఆ పదకొండు కిలోమీటర్లు. ఉన్నట్టుండి బండి వెనకభాగం కుడికో తోపు, ఎడమకో తోపు. నేను సర్దుతున్నకొద్దీ ఊపు పెరిగింది. ఎదురుగా ఎండుగడ్డి లారీ. ఎలా తప్పిందో నాకు తెలియదు. అద్దం దించి ఉండటంతో బావగారి తెల్లటోపీ నిండా గడ్డిపరకలు.

ఇంటికొచ్చే దాకా ఆ పరకలు ఏరుకుంటూనే ఉన్నారాయన. నిన్న పొద్దున బండి తీసుకుని ఒక్కరే కారాబాల్తా దాకా వెళ్ళొచ్చి, చాయ్ దగ్గర అందరి ముందూ తీర్పు చెప్పారు.

"బండికి ఏ రోగమూ లేదు. గతుకులో వేశాను, గుంటలో దింపాను, గుర్రంలా నిలబడింది. లోపం ఇనుములో లేదు, స్టీరింగ్ పట్టుకున్న చేతుల్లో ఉంది. తమ్ముడి నడుం విరిగింది చాలు, ఈ అమ్మాయి కూడా ఆ రోడ్డు మీద పోతే ఆ ఇంటికి దిక్కెవరు?"

"ఒక్క నెల ఆగండి బావగారూ, మేస్త్రీకి చూపిస్తాను" అన్నాను.

"జూలై ఆఖరి ఆదివారం అందరం పైన అమ్మ దగ్గర కలుస్తాం. ఆ లోపు బండిలో లోపం ఏమిటో చూపించు. చూపించలేకపోతే తాళంచెవి మా అబ్బాయికి ఇచ్చెయ్. పైనుంచి పాలు వాడు తెస్తాడు, నువ్వు ఇంటి దగ్గర అమ్ముకో."

మెదెర్ నా వైపు చూశాడు. అన్నగారి ముందు అతనికి అంతకన్నా గొంతు లేదు.

వాళ్ళకి తెలియనిది ఒకటుంది. వారానికోసారి ఆ కొండ ఎక్కి దిగితేనే నాకు ఊపిరి ఆడుతుంది. మెదెర్ పడిపోయాక ఈ ఇంట్లో నాదంటూ మిగిలింది ఆ స్టీరింగే. అది ఇవ్వను.

జూన్ 13, గురువారం

మేస్త్రీ చెప్పినట్టే రాస్తున్నాను.

పోయేటప్పుడు: అలలరోడ్డు మీద ఎనభై. గాలి లేదు. బరువు: గోధుమపిండి రెండు మూటలు, చక్కెర, గ్యాస్ బండ. ఊగలేదు.

వచ్చేటప్పుడు: అదే రోడ్డు, ఎనభై. పడమటి గాలి. బరువు: ఏమీ లేదు. ఊగింది.

గాలే. ఇంకేమిటి?

జూన్ 14

"గాలికి ఊగితే ఆ రోడ్డు మీద వాన్లన్నీ ఊగాలిగా?" అన్నాడు మేస్త్రీ. నాలుగు చక్రాలూ విప్పి బ్యాలెన్సింగ్ చేసి, ఒక టైరు మార్చాడు. ఒకసారి ఒకటే మారుస్తాడట. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందుకి తగ్గిందో తెలియదట. డాక్టర్ల కన్నా ఈయనే నయం.

జూన్ 20

పోయేటప్పుడు ఊగలేదు. వచ్చేటప్పుడు బరువు ఏమీ లేదు. ఊగింది.

జూన్ 21

వెనక షాకులు రెండూ మార్చాడు. మార్చాక చక్కెర మిల్లు వెనక పాతరోడ్డు మీద తనే నడిపి చూశాడు. అక్కడ గతుకులు సూసామిర్ గతుకులకి పెద్దన్నలు. బండి తొణకలేదు.

"చెల్లెమ్మా, నిజం చెప్పు. వచ్చేటప్పుడు లోపల బరువేం లేదా?"

"లేదు మేస్త్రీ. ఇంట్లో సామానే."

"మరి మీ బావగారన్నట్టు..." అని, నా మొహం చూసి, రెంచీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ వర్క్‌షాపుకి వెళ్ళాలంటే ముందు ఇంటికి పోయి కిమిజ్ పీపాలు దింపి, వాన్ ఊడ్చి మరీ వెళ్తాను. ఆ షెడ్డులో పదకొండు మంది మగాళ్ళు. పులిసిన గుర్రప్పాల వాసన గాల్లో తగిలిందంటే పనిముట్లు కింద పెట్టేస్తారు. వాసన తగిలాక తలా ఒక గిన్నె పొయ్యకుండా రావడం మా వంశంలో ఎవరివల్లా కాదు. పోస్తే ఒక పీపా హరీ అన్నట్టే. అత్తయ్యకి ఏం చెప్పను?

జూన్ 27

అలలరోడ్డు. అరవైలో వచ్చాను, అయినా కాస్త ఊగింది. నా వెనక పదిహేడు బళ్ళు హారన్లు కొట్టాయి. అరవైలో రావడం జాగ్రత్త. భయం లేదు.

జూలై 4

ఊగలేదు.

జూలై 5

నిన్న రాసింది అబద్ధం. పొద్దున లేవగానే ఈ పుస్తకం వైపు చూడలేకపోయాను. నాకు నేనే అబద్ధం చెప్పుకుంటే మేస్త్రీ ఏం మందు వేస్తాడు?

జరిగింది ఇది. అత్తయ్య నా మొహం చూసి దిష్టి అంది. మంటలో ఘుమఘుమలాడే అర్చచెట్టు కొమ్మ కాల్చి, ఆ పొగ వాన్ చుట్టూ మూడుసార్లు తిప్పి, టైర్లకి పట్టి, ఇంజను మూత ఎత్తించి దాని మీద కూడా పట్టింది. "ఇప్పుడు పో. ఇక ఊగితే నన్నడుగు" అంది. పీపాల్లో కిమిజ్ కూడా తనే పోసింది, ఎప్పట్లానే మూడింట రెండు వంతులు. "నిండా పొయ్యకూడదే, అదీ ఊపిరి పీల్చాలి" అంటుంది. సువాసనలు చిమ్ముకుంటూ బయలుదేరాను. నాలుగో కిలోమీటరులో ఊగింది.

బరువు: ఏమీ లేదు. గాలి: లేదు. పొగ: బోలెడు.

మేస్త్రీ స్టీరింగ్ రాడ్లు విప్పి చూశాడు. వెనక బుష్‌లు మార్చాడు. అలైన్‌మెంట్ రెండుసార్లు చేశాడు. ఇక మార్చడానికి డ్రైవర్ తప్ప ఏమీ మిగల్లేదని షెడ్డులో ఎవరో అన్నారు. నాకు వినపడింది.

జూలై 11

ఊగలేదు! ఇది నిజం. ఒట్టు.

నేను వెళ్ళేసరికి గుడారం ముందు తొమ్మిది కార్లు. ఆడపడుచు బూరుల్ అత్తింటివాళ్ళు అందరూ దిగారు. పొద్దుటి పాలూ నిన్నటి కిమిజ్ మొత్తం వాళ్ళే తాగేశారు. ఖాళీ పీపాలతో రావాల్సి వచ్చింది. ఆ విసుగులో అలలరోడ్డు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. తొంభైలో వచ్చాను! బరువు: ఏమీ లేదు.

బుష్‌లే. మేస్త్రీ చెయ్యి మంచిది. లేదా పొగ వారం లేటుగా పనిచేసింది. ఏదైతేనేం, మెదెర్‌కి చెప్తే పడుకున్నవాడు పడుకున్నట్టే చప్పట్లు కొట్టాడు. బావగారికి ఇంకా చెప్పను, ఆదివారం నాడు అందరి ముందూ చెప్తాను. ఏ మాటలు అనాలో కూడా అద్దం ముందు రెండుసార్లు అనుకున్నాను.

జూలై 18

కొంచెం ఊగింది. ఊగిందంటే, ఊగలేదనే చెప్పొచ్చు. ఊగబోయి మానుకుంది.

కొత్త బూట్లు వేసుకున్నాను, అడుగు పల్చనివి. పెడల్ బాగా తెలుస్తోంది. బహుశా ఇన్నాళ్ళూ పాత బూట్లదే తప్పు.

అత్తయ్య పక్కలోయలో ఎవరింట్లోనో చావుకి వెళ్ళింది. బూరుల్ పీపాలు అంచుదాకా నింపింది, మొద్దుమొహం. తో-అషూ కనుమ ఎక్కుతుంటే వెనక ఠప్ మని పేలింది. టైరేమో అని ప్రాణం పోయింది. టైరు కాదు, పీపా మూత. సీట్లూ చాపలూ కిమిజ్‌తో తడిశాయి. సొరంగమంతా ముక్కు మూసుకుని నడిపాను. ఎంత కడిగినా ఆ వాసన పోయేలా లేదు, అందుకే ఈవారం వర్క్‌షాపు వైపు వెళ్ళను.

జూలై 25

అన్నిటికన్నా ఇవాళ ఎక్కువ ఊగింది. వెనకభాగం రోడ్డు దాటి కంకరలో పడింది. అంచున ఉండే తెల్లగుంజ పక్క అద్దానికి తగిలి అద్దం మడుచుకుపోయింది. బండి నిలబడ్డాక కిందికి దిగి గడ్డిలో కూర్చుని ఏడ్చాను. అరగంట ఏడ్చాను. పక్కనే మేస్తున్న గుర్రం ఒకటి నన్ను చూసి మళ్ళీ మేతలో పడింది.

కొత్త బూట్లే వేసుకున్నాను. షాకులు కొత్తవి, బుష్‌లు కొత్తవి, టైరు కొత్తది. అత్తయ్య తన చేత్తో పోసి, సాగనంపి, చెయ్యి ఊపింది. బరువు ఏమీ లేదు. గాలి లేదు.

భయం లేదని రాస్తూ వచ్చాను. ఉంది. నెలన్నరగా ఉంది. అలలరోడ్డు రాకముందే అరచేతులు చెమర్చేవి. బావగారిదే నిజమేమో. ఎదురొచ్చేవాళ్ళలో పిల్లలుంటే? ఆదివారం తాళంచెవి ఇచ్చేస్తాను.

జూలై 26, శుక్రవారం, పొద్దున

ఇచ్చెయ్యడమంటే గౌరవంగా ఇచ్చెయ్యాలి కదా. ఈ పుస్తకంలో నేను కోసిన కోతలూ ఆడిన అబద్ధాలూ ఎవరి కంటా పడకూడదని, కాయితాలు చింపుదామని కూర్చున్నాను. చింపబోయే ముందు మొదట్నించీ చదివాను.

పోయేటప్పుడు ప్రతిసారీ బరువుంది. పిండి, చక్కెర, గ్యాస్ బండ. ఒక్కసారీ ఊగలేదు. వచ్చేటప్పుడు ప్రతిసారీ "బరువు: ఏమీ లేదు." ప్రతిసారీ ఊగింది, ఒక్క జూలై పదకొండు తప్ప. ఆ రోజు కూడా "ఏమీ లేదు" అనే రాశాను.

ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేని రోజు అదొక్కటే.

మిగతా రోజుల్లో వెనక మూడు పీపాలు, నూట ఇరవై లీటర్ల కిమిజ్! ఓసి నా తెలివి తగలెయ్య. అది నాకు సరుకులా తోచనే లేదు. ఒంటి మీద బట్టల్ని ఎవరైనా బరువులో రాస్తారా? మరి బూరుల్ అంచుదాకా నింపిన రోజు ఎందుకు కొంచెమే ఊగింది? ఇంకోటి చూడాలి. మెదెర్ పిలుస్తున్నాడు, ఎందుకు నవ్వుతున్నావని. వచ్చి చెప్తాను.

అదే రోజు, వర్క్‌షాపు బయట

పీపాల్లో మూడింట రెండు వంతులు నీళ్ళు నింపి, ఎప్పుడూ పెట్టేచోటే పెట్టి, మేస్త్రీని ఎక్కించుకుని చక్కెర మిల్లు వెనక పాతరోడ్డు మీద వేశాను. యాభైకే వెనకభాగం తందనాలాడింది.

"ఆపు! ఆపవే తల్లీ!" అన్నాడు. దిగి, వెనక తలుపు తీసి, పీపా మీద చెయ్యి వేసి కుదిపి చూశాడు. లోపల బుళుంగ్ మంది. ఆయన అక్కడే రోడ్డు పక్కన కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"పిండిమూట కూర్చున్నచోటే కూర్చుంటుంది. దీంట్లో ఖాళీ ఉంది కదా, అలలరోడ్డు మీద పాలు అటు పరిగెడతాయి, ఇటు పరిగెడతాయి. నువ్వు స్టీరింగ్ ఇటు తిప్పేసరికి అవి కూడా ఇటే వచ్చి గుద్దుతాయి. నిండుగా ఉంటే పరిగెత్తడానికి చోటుండదు. పైగా పీపాలన్నీ వెనక చక్రాలు దాటించి, తలుపుకి ఆనించి పెట్టావు. ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే నడపలేదు చెల్లెమ్మా, వెనక నుంచి ఆ మూడూ నడిపాయి."

"అంటే నా చేతులు బానే ఉన్నాయా?"

"నీ చేతులా? ఆ మూడింటితో ఏడు వారాలు బతికొచ్చావు. నేనైతే మొదటివారమే గుంటలో ఉందును." కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, "బరువేముందని అడిగానా లేదా? కిమిజ్ ఉందని ఎందుకు చెప్పలేదు?"

నిజం చెప్పాను. పదకొండు గిన్నెల సంగతి.

"ఓహో, మా నోటికి అందకుండా దాచావు, షాకులూ బుష్‌లూ మార్పించుకున్నావు" అన్నాడు. సిగ్గేసింది. వచ్చేవారం ఒక పీపా ఆ షెడ్డుకే. అత్తయ్యకి ఏదో ఒకటి చెప్పుకుంటాను.

జూలై 28, ఆదివారం

వివరంగా రాయాలి, మరిచిపోకుండా.

అందరూ తిన్నాక, గుడారంలో బావగారి ముందు కూర్చుని చెప్పాను. ఆయన మీసం దువ్వుకుంటూ విన్నారు.

"పాలు బండిని తొయ్యడమేమిటి అమ్మాయ్? గుర్రాల మీద తోలుసంచుల్లో మా తాతలు మోసుకొచ్చారు. ఏ గుర్రమూ పక్కకి ఒరగలేదు. ఎప్పట్లానే ఎక్కించు. నేను నడుపుతా. నువ్వు పక్కన కూర్చో."

"మీ ఇష్టం. కానీ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే, డెబ్బై దాటకుండా" అన్నాను. ఆయనకి ఎదురు మాట చెప్పడం అదే మొదటిసారి. అత్తయ్య పళ్ళెం వెనక నవ్వు దాచుకుంది.

అలలరోడ్డు ఎక్కాం. రెండో కిలోమీటరులో వెనక తోపు మొదలైంది.

"గాలి ఎక్కువగా ఉంది" అన్నారు బావగారు.

బయట గడ్డిపోచ కదలడం లేదు.

ఇంకో తోపు. ఆయన స్టీరింగ్‌ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "టైర్లలో గాలి తక్కువ పెట్టినట్టున్నాడు మీ మేస్త్రీ."

మూడో తోపుకి నేను తలుపు పిడి పట్టుకున్నాను. "ఈ రోడ్డు వేసినవాణ్ణి గాడిద తన్న!" అని బావగారు కేకేసి, మెల్లిగా వేగం తగ్గించి, పక్కకి దింపి ఆపారు. చాలాసేపు స్టీరింగ్ వదల్లేదు. టోపీ తీసి మొహం తుడుచుకున్నారు. ఇలాంటి సాకులే ఈ పుస్తకంలో నా చేతిరాతలో ముందే ఉన్నాయి. అందుకే నాకు నవ్వు రాలేదు, ఆయన మీద జాలేసింది.

"ఆ గడ్డిలారీ రోజు కూడా ఇవే ఉన్నాయా వెనకాల?"

"ఇవే బావగారూ."

పదిలీటర్ల డబ్బాలు పదమూడు ముందే తెచ్చుకున్నాను. రోడ్డు పక్కనే కిమిజ్ అన్నింటిలోకీ మార్చాం, పైన వేలెడు ఖాళీ వదిలి, పేలకుండా మూతలు కాస్త వదులుగా ఉంచి. ఆయన గరాటు పట్టుకున్నారు, నేను పోశాను. డబ్బాలు వెనక చక్రాలకి ముందే, సీట్ల మధ్య నేల మీద పేర్చి తాడుతో బిగించాం. అప్పుడు ఆయన వెళ్ళి ఎడమ సీటులో కూర్చున్నారు, నేను అడగకుండానే.

"నువ్వు పోనియ్."

ఎనభైలో పోనిచ్చాను. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. బండి లేస్తోంది, దిగుతోంది, అంతే. ఎదురుగా లారీ ఒకటి వచ్చి బావగారి చెవి రాసుకుంటూ పోయింది. ఆయనేం అంటారోనని ఓరగా చూశాను.

నిద్రపోతున్నారు.

కనుమలో గురక, సొరంగంలో గురక, కొండదారి మలుపుల్లో తల అటు వాలి ఇటు వాలి గురక. ఇంటిముందు ఆపితే మెదెర్ కర్ర ఊతంతో వచ్చి అద్దంలోంచి చూసి, "అన్నకేమైంది?" అని కంగారుపడ్డాడు. బావగారు కళ్ళు తెరిచి, "అప్పుడే వచ్చేశామా?" అన్నారు. గొంతు సవరించుకుని, టోపీ సర్దుకుని ఇంట్లోకి నడిచారు.

తాళంచెవి సంగతి ఎవ్వరూ ఎత్తలేదు. అది నా జేబులో ఉంది. భయం లేదు. ఈసారి నిజంగానే.

ఆగస్టు 8

బండి బాగైంది, కిమిజ్ చెడింది. "ఇదివరకటి ఘాటు లేదేమిటి జిపార్?" అని వాడికవాళ్ళు ముగ్గురు అడిగారు. అత్తయ్యని అడిగితే పొట్ట పట్టుకుని నవ్వింది. "కిమిజ్‌కి కుదుపు కావాలే పిచ్చిదానా. ఇన్నాళ్ళూ ఆ అలలరోడ్డే చిలికిపెట్టింది. మీ కిమిజ్ అంత బావుంటుందేమిటని ఊరంతా అడుగుతుంటే నా చెయ్యి మహిమ అనుకున్నాను!"

ఇప్పుడు ఇంటికొచ్చాక చెక్క తొట్టిలో పోసి చిలుకుతున్నాం. చిలుకుతున్నాం అంటే మెదెర్. డాక్టరు వంగొద్దన్నాడు గాని కూర్చుని చిలకొద్దనలేదు. ఐదు వందల పోట్లు, లెక్కపెట్టి. ఏడాది తర్వాత చేతికి పని దొరికిందని మనిషి వెలిగిపోతున్నాడు. రుచి చూసి, "ఇంకో వంద పడాలి" అంటాడు, పెద్ద పనివాడిలా.

ఆగస్టు 14, బుధవారం

పొద్దున బావగారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, రేపు పైకి వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను బావగారూ. ఏమైనా పంపాలా?"

"పంపడానికేం లేదు. నేనూ వస్తా."

"అత్తయ్యతో పనుందా?"

"పనేమిటి, పనేం లేదు." కాసేపు దగ్గు. "ఇంట్లో నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఆ పక్కసీటు ఖాళీయేనా?"

ఖాళీయే అన్నాను.

రేపటి పేజీలో బరువు దగ్గర ఇప్పుడే రాసి పెట్టాను. పిండి రెండు మూటలు, చక్కెర, బావగారు. ఏదీ కదలదు.